పన్ను సున్నా, ఖర్చు మాత్రం పెరిగింది: యూరప్ మార్కెట్ వదిలేసినంక బ్రిటన్ సంగతి

మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి గుంటూరు దిక్కు బియ్యం లారీ పోవాలంటే 2014 జూన్ 2 కంటే ముందు పెద్ద లొల్లి లేకుండె, ఎందుకంటే రెండూ ఒకే రాష్ట్రం. ఆ తేదీ దాటినంక అదే లారీ, అదే రోడ్డు, అదే వాడపల్లి బ్రిడ్జి, కానీ అమ్మకం మాత్రం అంతర్రాష్ట్ర అమ్మకం అయిపోయింది. సీఎస్టీ (కేంద్ర అమ్మకం పన్ను) 2 శాతం, కొన్నోని దగ్గర నుంచి సీ ఫారం తెప్పించుకునుడు, వే బిల్లు, చెక్‌పోస్ట్ కాడ లైను. సీ ఫారం టైముకు రాకపోతే తక్కువ రేటు వర్తించదు, ఆ తేడా పన్ను అమ్మినోని నెత్తి మీదనే పడుతది. రాష్ట్రం ఎందుకు కావాల్సి వచ్చిందనేది వేరే సంగతి, దాన్ని సీఎస్టీ లెక్కతోని తూచేది కాదు, ఇక్కడ చెప్పేది ఒక్కటే, బార్డర్ వచ్చిందంటే దాని వెనక కాగితం వస్తది, కాగితం వెనక ఖర్చు వస్తది. మన దగ్గర 2017 జులై 1న జీఎస్టీ వచ్చి కమర్షియల్ టాక్స్ చెక్‌పోస్టులు ఎత్తేసిన్రు. బ్రిటన్ సరిగ్గ దీనికి ఉల్టా పోయింది, యూరోపియన్ యూనియన్ అనే యూరప్ దేశాల సంఘం నుంచి బయటికి వచ్చి (దీన్నే బ్రెగ్జిట్ అంటరు) లేని చెక్‌పోస్టును తెచ్చి పెట్టుకున్నది, అది కూడా తన సరుకులో దాదాపు సగం కొనే మార్కెట్‌కు పోయే తొవ్వలో.

వ్యాపారం వరకు చూస్తే యూరోపియన్ యూనియన్‌లో రెండు ఏర్పాట్లు కలిసి ఉంటయ్. ఒకటి కస్టమ్స్ యూనియన్. లోపలి దేశాల మధ్య సుంకం ఉండదు, బయటి నుంచి వచ్చే సరుకు మీద అందరిదీ ఒకే రేటు, ఏదో ఒక పోర్టులో దిగి సుంకం కట్టినంక ఇగ లోపల ఏ దేశానికైనా పోవచ్చు. రెండోది సింగిల్ మార్కెట్, 1993 జనవరి 1 నుంచి నడుస్తున్నది, అసలు లోతు దీంట్లనే ఉన్నది. ఒక దేశంలో ఓకే అయిన వస్తువును ఇంకో దేశం మళ్లీ టెస్ట్ చేస్తా అనొద్దు, సరుకుతో పాటు సర్వీసులు, పెట్టుబడి, మనుషులు కూడా అడ్డం లేకుండ తిరగొచ్చు. దీన్ని గట్టిగ ముందుకు తోసినోళ్లలో మార్గరెట్ థాచర్ సర్కారు కూడా ఉన్నది. అంటే బ్రిటన్ బయటికి వచ్చింది తను కూడా చెయ్యేసి కట్టిన మార్కెట్ నుంచే. 1973 జనవరి 1న చేరింది, 2020 జనవరి 31న పోయింది, మధ్యలో 47 ఏండ్లు.

ఓటు 2016 జూన్ 23న పడ్డది, బయటికి పోదాం అన్నోళ్లు 51.9 శాతం, ఉందాం అన్నోళ్లు 48.1 శాతం. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పంపుతున్నం, ఆ పైసలు మన ఆస్పత్రులకు పెడదాం అని బస్సు మీద రాసి తిప్పిన్రు, యూరప్ నుంచి తిరిగొచ్చే పైసలు తీసేస్తే అసలు లెక్క దాంట్లో సగం దగ్గర్నే ఉండె. వలస వచ్చేటోళ్ల మీద కోపం, మన చట్టాలు మనమే రాసుకోవాలన్న పంతం, మూతపడ్డ ఫ్యాక్టరీ ఊర్లలో ఉన్న బాధ, అన్నీ కలిసి ఆ ఓటు అయింది. ఓటు వేసినోళ్లను తెలివి లేనోళ్లు అని తీసిపారేసే రాతలు మస్తుగ వచ్చినయ్, అది తప్పు. ఆ ఊర్ల బాధ నిజమే, కానీ మందు వేరే రోగానికి వేసిన్రు. ఓటు తర్వాత ఒప్పందం కుదిరి కొత్త రూల్స్ అమల్లోకి వచ్చేసరికి 2021 జనవరి 1 అయింది, అంటే నాలుగున్నర ఏండ్లు ఏం జరుగుతదో ఎవ్వరికీ తెల్వని కాలం.

మొదటి దెబ్బ మాత్రం తెల్లారేసరికే పడ్డది. జూన్ 24న పౌండు డాలర్ ముందర 31 ఏండ్ల కనిష్టానికి జారింది. రూపాయల్లో చూస్తే వంద దగ్గర ఉన్న పౌండు ఒక్కరోజులో 92 దగ్గరికి, అక్టోబర్ నాటికి 82 దగ్గరికి వచ్చింది. నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో లండన్ నుంచి కొడుకు నెలకు 500 పౌండ్లు పంపే ఇంట్లో అదే 500 పౌండ్లు 50 వేల నుంచి 41 వేలకు దిగినట్టు లెక్క. బిడ్డ ఫీజు 15 వేల పౌండ్లు కట్టాల్సిన ఇంట్లోనేమో 15 లక్షలు కాస్త 12 లక్షల 30 వేలు. ఒకే ఓటు, ఒకే రేటు, ఒక వాడలో ఒకరికి లాభం, ఒకరికి లుక్సాను.

కరెన్సీ పడితే ఎగుమతులు పెరగాలని పుస్తకాల్లో ఉంటది, ఎందుకంటే బయటోళ్లకు మన సరుకు సస్తగ దొరుకుతది. బ్రిటన్‌లో అది అనుకున్నంత జరగలే. అక్కడి ఫ్యాక్టరీలు చేసే వస్తువుల్లో చాలా పార్టులు బయటి నుంచే వస్తయ్, పౌండు పడితే ఆ పార్టుల ఖర్చు పెరిగింది, వచ్చిన లాభం అట్లనే పోయింది. ఇంకో దిక్కు తిండి, పెట్రోలు, బట్టల్లో పెద్ద వాటా దిగుమతి సరుకే కాబట్టి ధరలు పెరిగినయ్, జీతాలు ఆ లెక్కన పెరగలే. ఇంకా బార్డర్ మారక ముందే, ఒక్క రూల్ కూడా రాయక ముందే, మామూలు జనం జేబు నుంచి పైసలు పోవుడు షురూ అయింది.

రెండో దెబ్బ కంటికి కనబడనిది, పెట్టుబడి ఆగిపోవుడు. కార్ల ఫ్యాక్టరీ పెట్టాలన్నా కొత్త మోడల్ లైను వేయాలన్నా పదేండ్ల లెక్క చూసి పైసలు పెడతరు. రేపు యూరప్‌కు పోయే కారు మీద 10 శాతం సుంకం పడుతదా లేదా అన్నదే తెల్వనప్పుడు ఏ కంపెనీ అయినా ఆగి చూద్దాం అంటది. 2016 తర్వాత బ్రిటన్‌లో ప్రైవేటు పెట్టుబడి చాలా ఏండ్లు ఉన్నకాడనే ఉన్నది, పక్క దేశాల్లో పెరుగుతుంటే. 2016లో అక్కడ 17 లక్షల పైన కార్లు తయారైనయ్, 2022లో 7 లక్షల 75 వేలు, అప్పటికి 1956 తర్వాత అదే అతి తక్కువ. ఇదంతా బ్రెగ్జిట్ ఖాతాలో రాసుడు న్యాయం కాదు, కార్లలో పెట్టే ఎలక్ట్రానిక్ చిప్పుల కరువు ఉండె, కోవిడ్ ఉండె, డీజిల్ కార్ల గిరాకీ పడిపోయింది. 2021 జులైలో స్విండన్‌లో మూతపడ్డ హోండా ఫ్యాక్టరీ కూడా బ్రెగ్జిట్ వల్ల కాదనే చెప్పింది. కానీ కొత్త ప్లాంటు ఎక్కడ పెడదాం అని మీటింగ్‌లో కూసున్నప్పుడు బ్రిటన్ పేరు పక్కన ఒక ప్రశ్న గుర్తు పడ్డది, అది చాలా ఏండ్లు పోలే.

ఇగ అసలు కథ 2021 జనవరి నుంచి. 2020 డిసెంబర్ 24న కుదిరిన ఒప్పందంలో సుంకాలు సున్నా, కోటాలు సున్నా. పేపర్లలో హెడ్డింగులు చూస్తే ఏం నష్టం లేదనిపిస్తది. కానీ సుంకం లేకపోవుడు వేరు, బార్డర్ లేకపోవుడు వేరు. సున్నా సుంకం కావాలన్నా కూడా ఆ సరుకు బ్రిటన్‌లోనే తయారైందని కాగితం చూపించాలె. కస్టమ్స్ డిక్లరేషన్ ప్రతి లోడుకు వేయాలె, బ్రిటన్ పన్నుల శాఖనే 2019లో లెక్క కట్టి ఏడాదికి 20 కోట్లకు పైగా కొత్త డిక్లరేషన్లు పడుతయని చెప్పింది.

ఇది ఎట్ల కొరుకుతదో ఒక చిన్న చీజ్ తయారు చేసేటాయన సరుకుతో చూస్తే తెలుస్తది. 2020 డిసెంబర్ దాకా ఫ్రాన్స్‌ల ఒకామె ఆన్‌లైన్‌లో 30 పౌండ్ల గిఫ్ట్ బాక్స్ ఆర్డర్ పెడితే పార్సిల్ కట్టి పంపుడే. జనవరి నుంచి పాలు, మాంసం, గుడ్లు, చేపలు ఏది పంపినా ఒక్కో కన్‌సైన్‌మెంట్‌కు హెల్త్ సర్టిఫికెట్ కావాలె, దాని మీద సర్కారు గుర్తింపు ఉన్న పశువుల డాక్టర్ చూసి సంతకం పెట్టాలె, దానికి వంద నుంచి రెండు వందల పౌండ్ల దాకా అయితది. 30 పౌండ్ల డబ్బాకు 180 పౌండ్ల కాగితం. చీజ్ మారలే, తినేటోళ్లు మారలే, ఫ్యాక్టరీలో శుభ్రత మారలే, ఒక్కటే మారింది, నిన్నటి దాకా నమ్మిన సరుకును ఇయ్యాల రుజువు చెయ్యమంటున్నరు. పెద్ద కంపెనీ అయితే ఒక లారీ నిండ ఒకే రకం సరుకు నింపి ఒకే సర్టిఫికెట్ తీసుకుంటది, వెయ్యి డబ్బాల మీద పంచుకుంటే పైసల్లో పోతది. చిన్నోళ్లు ఏం చేస్తరంటే పది మంది సరుకు కలిపి ఒక లారీలో వేస్తరు, ఆ పదిమందిలో ఒక్కరి కాగితంలో ఒక తప్పు పడ్డా లారీ మొత్తం ఆగుతది, మిగతా తొమ్మిది మంది సరుకు ఎండలోనో చలిలోనో నిలబడాల్సిందే. స్కాట్లండ్ చేపలు, రొయ్యల వ్యాపారులు 2021 జనవరి 18న లారీలు తీసుకపోయి లండన్ సర్కారు ఆఫీసుల ముందర పెట్టిన్రు, సముద్రంలో నుంచి తీసిన సరుకు కాగితం కోసం ఆగితే చెడిపోతది కదా. బాధ ఏందంటే ఓటప్పుడు బయటికి పోదామని గట్టిగ అన్నోళ్లలో చేపలు పట్టేటోళ్లే ముందున్నరు.

మన దిక్కు సరుకు పోయే తొవ్వ కూడా మారింది. పోచంపల్లి ఇక్కత్ దుపట్టాలు లండన్‌లో ఒక ఇంపోర్టర్ తెప్పించుకుంటున్నడు అనుకుందాం. ఇంతకుముందు లండన్‌లో కస్టమ్స్ ఒక్కసారి క్లియర్ అయితే ఆ దుపట్టా డబ్లిన్ షాపుకు పోయినా పారిస్ షాపుకు పోయినా అడిగేటోడు లేడు. ఇప్పుడు లండన్‌లో కట్టిన సుంకం లండన్ వరకే, అక్కడి నుంచి డబ్లిన్ పంపితే అది బ్రిటన్‌లో తయారైన సరుకు కాదు కాబట్టి సున్నా సుంకం వర్తించదు, మళ్లీ యూరప్ సుంకం, మళ్లీ అక్కడి వ్యాట్, మళ్లీ డిక్లరేషన్. జర్మనీలో చేసిన మిఠాయి లండన్ గోదాముకు వచ్చి అక్కడి నుంచి ఐర్లండ్‌కు పోతే దాని మీద కూడా సుంకం పడే పరిస్థితి వచ్చింది, యూరప్‌లో చేసింది యూరప్‌కే పోతున్నా సరే. అందుకే ఇంపోర్టర్లు చాలామంది ఒకే పెద్ద గోదాము ముచ్చట బంద్ పెట్టి నెదర్లాండ్స్‌లోనో ఐర్లండ్‌లోనో ఇంకోటి తెరిచిన్రు. యూరప్‌కు లండన్ దర్వాజ అని మన దేశం కంపెనీలు ఎన్నో ఏండ్లు అనుకున్న మాట ఇప్పుడు సగమే నిజం.

జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో మందుల ఫ్యాక్టరీలు ఉన్నయ్, ఇసొంటి చోట్ల తయారయ్యే మాత్రలు యూరప్ పోవాలంటే ప్రతి బ్యాచ్‌ను అక్కడ టెస్ట్ చేసి, బాధ్యత తీసుకునే అర్హత ఉన్న మనిషి సంతకం పెట్టాలె. ఇంతకుముందు బ్రిటన్‌లో ఆ సంతకం పడితే యూరప్ అంతటికీ చెల్లేది. 2021 నుంచి యూరప్ ఆ సంతకాన్ని ఒప్పుకోదు, బ్రిటన్ మాత్రం యూరప్ టెస్టును ఒప్పుకుంటున్నది, ఎందుకంటే ఒప్పుకోకపోతే తన దగ్గరే మందుల కొరత వస్తది. ఎవరి మార్కెట్ పెద్దదో వాళ్ల మాట నడుస్తదని చెప్పడానికి ఇంతకంటే సాఫు ఉదాహరణ దొరకదు. యూరప్ మందుల ఏజెన్సీ అయితే 2019లోనే లండన్ ఖాళీ చేసి ఆమ్‌స్టర్‌డామ్ పోయింది, దాదాపు 900 ఉద్యోగాలతోని.

ఇవన్నీ కలిపితే ఎంత అనేది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు కంపెనీల లెక్కలు పట్టుకుని చూసిన్రు. 2022 నాటికి బ్రిటన్ సరుకుల ఎగుమతులు ఉండాల్సిన దానికంటే 6.4 శాతం తక్కువ, అంటే సుమారు 2,700 కోట్ల పౌండ్లు. కానీ ఆ అంకె లోపల ఇంకో అంకె ఉన్నది, అసలు చూడాల్సింది అది. యూరప్‌కు ఎగుమతి చేసే కంపెనీల్లో 14 శాతం, దాదాపు 16,400 కంపెనీలు, యూరప్‌కు అమ్ముడే మానేసినయ్. పెద్ద కంపెనీలు కస్టమ్స్ ఏజెంట్‌ను పెట్టుకుని, లాయర్‌ను పెట్టుకుని నడిపించుకున్నయ్, వాటి ఎగుమతి పెద్దగ పడలే. పోయింది చిన్నోళ్లు. ఫ్యాక్టరీ మూతపడితే టీవీలో వస్తది, పదిమంది పనిచేసే షెడ్డు ఫ్రాన్స్ ఆర్డర్లు తీసుకోవుడు బంద్ పెడితే ఎవ్వరికీ తెల్వదు, అట్లాంటివి పదహారు వేలు. ఇంట్లో తినే తిండి మీద కూడా పడ్డది, అదే సంస్థ లెక్క ప్రకారం 2020, 2021లో కొత్త అడ్డంకుల వల్ల ఒక్కో కుటుంబానికి తిండి ఖర్చు సుమారు 210 పౌండ్లు పెరిగింది. ఉన్నోళ్లకు 210 పౌండ్లు కనబడయ్, లేనోళ్ల జీతంలో తిండికే ఎక్కువ పోతది కాబట్టి వాళ్లకే ఎక్కువ తగిలింది, వాళ్లలో చాలామంది ఆ ఓటు వేసినోళ్లే.

మనుషుల సంగతికి వస్తే మన జిల్లాలకు బ్రెగ్జిట్ నిజంగ ఎదురైంది ఇక్కడనే. యూరప్ నుంచి వచ్చి లారీలు నడిపినోళ్లు, స్ట్రాబెర్రీ తోటల్లో పండ్లు తెంపినోళ్లు, కబేళాల్లో మాంసం కోసినోళ్లు రొమేనియా, బల్గేరియా, పోలండ్ మనుషులు. వాళ్లకు వీసా అక్కర లేకుండె, పాలమూరు నుంచి ముంబై పోయినంత సులువుగ వచ్చి పోయేటోళ్లు. 2021లో ఆ దర్వాజ మూసుకున్నది. ఆ సెప్టెంబర్‌లో లారీ డ్రైవర్లు దాదాపు లక్ష మంది తక్కువ ఉన్నరని ట్రాన్స్‌పోర్ట్ సంఘాలు చెప్పినయ్, పెట్రోల్ బంకుల ముందర కిలోమీటర్ల లైన్లు, అక్టోబర్‌లో మిలిటరీ వాళ్లు ట్యాంకర్లు నడిపే దాకా పోయింది. కోవిడ్‌లో డ్రైవింగ్ టెస్టులు ఆగిపోయిన పాపం కూడా దాంట్లో ఉన్నది. పందుల ఫారాల్లో కోసేటోళ్లు లేక ఆరోగ్యంగ ఉన్న పందులను వేల సంఖ్యలో చంపి పడేసిన్రు. తోటలకు సీజన్ వీసాలు మొదలుపెట్టిన్రు, 2019లో 2,500, 2023 నాటికి 45 వేలు, ఇప్పుడు ఆ పండ్లు తెంపేది ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ లాంటి దేశాల నుంచి వచ్చినోళ్లు, ఏజెంట్లకు అప్పు చేసి కట్టి వచ్చినోళ్లు కూడా దాంట్లో ఉన్నరు. గల్ఫ్ పోయొచ్చిన ఇంట్లో ఈ అప్పు సంగతి ఎవ్వరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

యూనివర్సిటీల దగ్గర కూడా ఇట్లనే. యూరప్ పిల్లలు ఇంతకుముందు లోకల్ ఫీజుతో చదివేటోళ్లు, 2021 నుంచి వాళ్లకు కూడా విదేశీ ఫీజే, ఒక్క ఏడాదిలో కొత్తగ చేరే యూరప్ పిల్లలు సగానికి పైగా తగ్గిపోయిన్రు. లోకల్ ఫీజేమో 2017 నుంచి 2024 దాకా 9,250 పౌండ్ల దగ్గరనే కదలకుండ ఉండె, ఖర్చులు ఆగలే. ఆ లోటు నింపడానికి బయటి దేశాల పిల్లలు కావాలె. 2012లో తీసేసిన చదువు తర్వాత పని వీసాను మళ్లీ తెచ్చి 2021 జులైలో తెరిచిన్రు, రెండేండ్లు ఉండి పని చేసుకునే వీలు ఇచ్చిన్రు. 2022లో చదువు వీసాల్లో చైనాను దాటి ఇండియా మొదటి స్థానానికి వచ్చింది. సూర్యాపేట, నల్గొండ, మహబూబ్‌నగర్‌లో కన్సల్టెన్సీ బోర్డుల మీద అమెరికా పక్కన యూకే అని పెద్దక్షరాలతో ఎక్కింది ఆ ఏండ్లల్లోనే. పొలం తాకట్టు పెట్టి లోన్ తీసుకున్న ఇంట్లో బ్రెగ్జిట్ అన్న పేరే ఎప్పుడూ అనుకోకపోవచ్చు, కానీ ఆ సీటు ఖాళీ అయింది దాని వల్ల కూడా.

వలస తగ్గియ్యాలని ఓటు వేస్తే వలస పెరిగింది, 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస (వచ్చినోళ్లలో నుంచి పోయినోళ్లను తీసేస్తే మిగిలే లెక్క) 9 లక్షలు దాటింది, ఓటు నాటికి అది మూడు లక్షల పైచిలుకు. తర్వాత రాజకీయం తిరగబడ్డది. 2024 జనవరి నుంచి చాలా మాస్టర్స్ కోర్సుల పిల్లలు భార్యనో భర్తనో తీసుకపోవుడు బంద్. అదే ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకు కావాల్సిన ఏడాది జీతం 26,200 పౌండ్ల నుంచి 38,700కు పెంచిన్రు. 2022లో ముసలోళ్లను చూసుకునే కేర్ వర్కర్ ఉద్యోగాలకు తెరిచిన తొవ్వ 2025 జులైలో బయటి దేశాల నుంచి కొత్తగ వచ్చేటోళ్లకు మూసేసిన్రు. మధ్యలో స్పాన్సర్‌షిప్ కాగితం అమ్ముతమని లక్షలు గుంజినోళ్లు ఉన్నరు, అక్కడికి పోయినంక ఉద్యోగమే లేదని తెలిసి అప్పుతో మిగిలినోళ్లు ఉన్నరు. ఒక దేశం మార్కెట్ సంఘం నుంచి బయటికి వచ్చుడు అనే పెద్ద ముచ్చట చివరికి దేవరకొండ దిక్కు ఒక ఇంట్లో నెల నెల కట్టే ఈఎంఐగ మిగిలిందంటే ఆ గొలుసు ఎంత పొడుగున్నదో చూడాలె. కన్సల్టెన్సీలో ఫీజు ఎంత, వీసా ఎన్ని రోజులు అని అడుగుతున్నరు గానీ ఆ దేశానికి ఇప్పుడు మనుషులు ఎందుకు కావాల్సి వచ్చిందని ఎవ్వరూ అడుగుతలేరు, అడగాల్సింది ముందు అదే.

జరుగుతదన్నవి జరగనివి కూడా చెప్పాలె, లేకపోతే లెక్క తప్పుతది. 2016 మే నెలలో బ్రిటన్ ఆర్థిక శాఖ బయటికి ఓటు వేస్తే వెంటనే మాంద్యం వస్తది, ఐదు లక్షల ఉద్యోగాలు పోతయని భయపెట్టింది, అది రాలే, 2019 నాటికి నిరుద్యోగం 4 శాతం కంటే కిందికి వచ్చింది. లండన్ నుంచి బ్యాంకు ఉద్యోగాలు 75 వేలు పోతయన్నోళ్లు ఉండె, పోయింది సుమారు 7 వేలు. షేర్ల ట్రేడింగ్‌లో 2021 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్ లండన్‌ను దాటింది నిజమే, కానీ కన్సల్టింగ్, సాఫ్ట్‌వేర్, లా, డిజైన్ లాంటి సర్వీసుల ఎగుమతి మంచిగనే పెరిగింది. సర్వీసుకు పశువుల డాక్టర్ సర్టిఫికెట్ అక్కర లేదు, లారీ అక్కర లేదు, అందుకే అది తట్టుకున్నది. ఆనాడు అంత భయపెట్టినందుకే తర్వాత నిజమైన నష్టం మెల్లగ వచ్చినప్పుడు జనం నమ్మలే, ఇది ఎకనామిస్టులు తమకు తాము చేసుకున్న నష్టం.

మరి మొత్తం నష్టం ఎంత అంటే ఒక్క అంకె చెప్పేటోళ్లను నమ్మొద్దు. అదే టైములో కోవిడ్ వచ్చింది, 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి అక్టోబర్ నాటికి ధరల పెరుగుదల 11.1 శాతానికి పోయింది, ఏది దేని వల్ల అని విడదీసుడు కష్టం. ఒక పద్ధతి ఏందంటే 2016 దాకా బ్రిటన్ లెక్కనే నడిచిన కొన్ని దేశాలను కలిపి బ్రెగ్జిట్ లేని ఒక బ్రిటన్‌ను కాగితం మీద తయారు చేస్తరు, దానితోని అసలు బ్రిటన్‌ను పోలుస్తరు. అట్ల చూస్తే కొందరి లెక్కలో జీడీపీ నష్టం 2, 3 శాతం వచ్చింది, కొందరి లెక్కలో 5 శాతం పైన. బ్రిటన్ బడ్జెట్ లెక్కలు చూసే ఓబీఆర్ అనే స్వతంత్ర సంస్థ దీర్ఘకాలంలో ఉత్పాదకత (మనిషి చేసే పనికి వచ్చే ఉత్పత్తి) 4 శాతం తగ్గుతదని, ఎగుమతి దిగుమతులు 15 శాతం తక్కువ ఉంటయని అంచనా పెట్టుకుని ఏండ్లుగ దాని మీదనే నడుస్తున్నది. 4 శాతం చిన్నగ వినబడుతది. ఒక్క ఏడాది పోయి ఆగే 4 కాదు, ప్రతి ఏడాది ఉండాల్సిన దానికంటే 4 తక్కువ, దాని మీద రావాల్సిన పన్ను తక్కువ, ఆ పన్నుతో నడవాల్సిన ఆస్పత్రి, బడి తక్కువ.

బయటికి వస్తే లోకమంతటితోని ఒప్పందాలు చేసుకోవచ్చు అన్నది పెద్ద వాదన. చేసుకున్నరు కూడా. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2023లో అమల్లోకి వచ్చింది, దాని వల్ల బ్రిటన్ జీడీపీ 0.08 శాతం పెరుగుతదని బ్రిటన్ సర్కారు లెక్కనే. పసిఫిక్ దేశాల సంఘం సీపీటీపీపీలో 2024 డిసెంబర్‌లో చేరిన్రు, అది కూడా దశాంశం తర్వాత సున్నా ఉన్న అంకెనే. ఇండియాతో 2025 జులై 24న సంతకాలు అయినయ్, అది వాళ్లకు 0.13 శాతం. మూడూ కలిపినా అర శాతం దాటదు, పోయింది 4. కారణం పెద్ద రహస్యం కాదు, ఎవ్వరైనా ఎక్కువ వ్యాపారం పక్కోళ్లతోనే చేస్తరు, మిర్యాలగూడ మిల్లుకు గుంటూరు మార్కెట్ పోతే దాని బదులు గువాహటి మార్కెట్ అంత గిరాకీ ఇయ్యదు. మనకు మాత్రం ఆ ఒప్పందంలో లాభం ఉన్నది, మన సరుకుల రకాల్లో 99 శాతానికి బ్రిటన్‌లో సుంకం పోతది, బట్టల మీద 12 శాతం దాకా ఉన్న సుంకం కూడా దాంట్లనే. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేత సరుకు పంపేటోళ్లు చూసుకోవాల్సిన లైను అది. పాల పదార్థాలను మాత్రం ఇండియా తన దిక్కు నుంచి బయటనే పెట్టింది.

పాల ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకోటి. 2019 నవంబర్ 4న ఇండియా ఆర్సెప్ అనే 16 దేశాల ఒప్పందం చర్చల నుంచి లేచి వచ్చింది, మిగిలిన 15 దేశాలు 2020లో సంతకాలు చేసుకున్నయ్. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా పాలపొడి సుంకం లేకుండ వస్తే రెండు బర్రెలు పెట్టుకుని సంఘానికి పాలు పోసే నల్గొండ రైతుకు లీటరుకు ఏం మిగులుతదన్న భయం అప్పుడు గట్టిగ వినబడ్డది. 2018-19లో ఆ దేశాలతో మన వ్యాపార లోటు 10,500 కోట్ల డాలర్లు, దాంట్లో సగం చైనాతోనే. కొందరు దీన్ని ఇండియా బ్రెగ్జిట్ అన్నరు, ఆ పోలిక నిలబడదు. చేరక ముందు ఆగితే రేపు దొరికే మార్కెట్ దొరకదు, అంతే. బ్రిటన్ లెక్క 47 ఏండ్లు లోపల ఉన్నంక ఒక కారు పార్టు తయారయ్యే లోపల నాలుగు దేశాలు తిరిగేటట్టు ఫ్యాక్టరీలు కట్టుకుని, అక్కడి డాక్టర్లను, డ్రైవర్లను నమ్ముకుని, అప్పుడు బయటికి వస్తే తెగేది ఉన్న గొలుసు. చేరాలా వద్దా అన్నప్పుడు పాడి రైతు దిక్కు నిలబడి ఆలోచించుడు సరైన పనే, కానీ ఆ వాదనను తీసుకపోయి ఉన్నదాన్ని తెంపుకునుడుకు అతికిస్తే లెక్క కుదరదు.

2025 మే 19న లండన్‌లో బ్రిటన్, యూరప్ మళ్లీ కూసున్నయ్. తిండి సరుకుల మీద ఒప్పందం చేసుకుందాం అనే కాడికి వచ్చిన్రు, అది పూర్తిగ కుదిరి అమలైతే చీజ్ డబ్బా మీద పశువుల డాక్టర్ సర్టిఫికెట్ పోతది, లారీల చెకింగ్ చాలా వరకు తగ్గుతది. దానికి బదులు యూరప్ తన ఫుడ్ రూల్స్ మార్చినప్పుడల్లా బ్రిటన్ కూడా మార్చుకోవాలె, ఆ రూల్స్‌లో తగాదా వస్తే యూరప్ చట్టం ఏమంటదో చెప్పే చివరి మాట యూరప్ కోర్టుదే, ఖర్చులో వాటా కూడా కట్టాలె. బ్రిటన్ సముద్రంలో యూరప్ పడవలు చేపలు పట్టుకునే హక్కు ఇంకో 12 ఏండ్లు, 2038 దాకా పొడిగించిన్రు. ఆ ఫుడ్ రూల్స్ రాసేటప్పుడు ఓటేసే హక్కు మాత్రం బ్రిటన్‌కు 2020 జనవరి 31నే పోయింది, ఈ ఒప్పందంతోని అది తిరిగి రాదు.